పందికొక్కుకి ప్రహరీ అడ్డమా?

పెరట్లో కంద తవ్వబోతే చేతికి డొల్ల దొరుకుతుంది. పైన మొక్క నిక్షేపంగా ఉంటుంది, కింద దుంప సగానికి పైగా ఖాళీ. నాలుగడుగుల అవతల తులసికోట మొదట్లో తట్టెడు కొత్త మట్టి. ఇక అనుమానం అక్కర్లేదు, పందికొక్కు దిగింది.

దీన్ని మామూలు ఎలుకల్లో జమకట్టి చిన్న బోను పెడితే లాభం లేదు. బాగా ఎదిగిందంటే కిలో దాకా తూగుతుంది, అడ్డగిస్తే గుర్రుమంటూ మీదికొస్తుంది. పునాది పక్కన, కాలువ గట్టున, చెత్త పోగేసిన మూలన తవ్వుతుంది. ఆ బొరియల్లోకి వాననీళ్లు దిగితే పైన వేసిన గచ్చు కుంగిపోతుంది.

మట్టికుప్ప కనబడగానే మందు కోసం కొట్టుకి పరుగెత్తడం నాకు బొత్తిగా నచ్చదు. పసుపు భాస్వరం కలిపిన ఎలుకల పేస్టు కాలేయాన్ని నాశనం చేస్తుంది, దానికి విరుగుడు లేదు. పసిపిల్లలు తిరిగే ఇంట్లో అలాంటిది ఉండనే కూడదు. జింక్ ఫాస్ఫైడ్ ఎరకీ విరుగుడు లేదు. పైగా కొంచెం కొరికి బతికిపోయిన కొక్కు మళ్లీ ఆ ఎర ముట్టదు.

ముందు ఏ బొరియలో కాపురం ఉందో తేల్చుకోవాలి. సాయంత్రం కనబడ్డ కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి. తెల్లారేసరికి ఏది తెరుచుకుందో దాని సంగతి చూస్తే చాలు. ఎలుకలు పట్టడంలో ఆరితేరిన యానాదులు ఒక కన్నం దగ్గర తవ్వే ముందు మిగతా దారులు వెతికి మూస్తారు. పెద్ద బోను దొరికితే ఎండుచేపో కొబ్బరిముక్కో పెట్టి ఆ కన్నం పక్కనే ఉంచండి. చేతికి తొడుగు లేకుండా మాత్రం తాకొద్దు. వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది.

అసలు అవి వచ్చేది తిండి కోసం. కుక్కకి పెట్టి రాత్రంతా వదిలేసిన అన్నం, కోళ్ల దాణా, రాలిన జామపళ్లు, మూతలేని చెత్తడబ్బా. ఇవి తీసెయ్యకుండా ఎన్ని పట్టినా కొత్తవి వస్తూనే ఉంటాయి. దుంపల మడి చుట్టూ అడుగున్నర లోతున ఇనుప జాలీ పాతి, అడుగు అంచుని బయటికి వంచితే తవ్వుకొచ్చే దారి మూసుకుంటుంది.

జెర్రిపోతుకి విషం లేదు, అది తినేదే ఎలుకల్ని. అయినా కనబడితే కర్ర తీస్తాం. గుడ్లగూబ కూస్తే అపశకునమని రాయి విసురుతాం. మనకి కాపలా కాసేవాటిని మనమే తరిమేస్తున్నాం. మందు తిన్న ఎలుకని తింటే వాటి ప్రాణానికీ ముప్పే.

మీ ఒక్క పెరడు బాగుచేసుకుంటే సరిపోదు, పక్కింటి గోడ కిందనుంచి మళ్లీ వస్తాయి. ఈ వానలు పడేలోపు వీధివాళ్లతో మాట్లాడి, అందరూ ఒకే సాయంత్రం కన్నాలు మూయండి.