ఏ రోజుకి ఏ వాచీ?

చీరకి మ్యాచింగ్ జాకెట్టు, గాజులు సరే. వాచీ కూడా చీర రంగు చూసే పెట్టుకుంటున్నారా? నన్నడిగితే, చీరని కాదు, రోజుని చూసి పెట్టుకోవాలంటాను.

మా మైలవరం మెట్ట ప్రాంతం. ఎండలు ముదిరాక బెజవాడ బస్సెక్కితే ఇబ్రహీంపట్నం చేరేసరికే మణికట్టు చెమటతో తడిసిపోతుంది. అలాంటి రోజున తోలు పట్టీ వద్దు. చెమటకి వాసనొస్తుంది, కింద చర్మం దురద పెడుతుంది. స్టీలు చైనుదో, రబ్బరు పట్టీదో హాయి. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిచిపెట్టండి.

వెనకాల ‘వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు’ అని ఉంది కదా అని దానితోనే బట్టలు ఉతక్కండేం! అంత లోతున మునగొచ్చని కాదు దానర్థం. చేతులు కడిగేటప్పుడు చిందే నీళ్ళకీ, వానతుంపరకీ తట్టుకుంటుందని మాత్రమే.

పిల్లల్ని నీట్ పరీక్షకి తీసుకెళ్ళే రోజు వాళ్ళ చేతికి ఏ వాచీ వద్దు, లోపలికి రానివ్వరు. మీ చేతికి మాత్రం ఉండాలి. ముందురోజు రాత్రే టైము సరిచూసుకోండి. గేటు మూశాక బతిమాలినా తెరవరు.

పెళ్ళికెళ్ళే రోజున నేను పెట్టుకునేది మా అమ్మ హెచ్.ఎం.టి. వాచీ. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైంది ఆ వాచీల తయారీ. 2016లో కేంద్రప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించింది. అది కీ ఇచ్చే వాచీ. పొద్దున్నే మెల్లగా తిప్పి, బిగిసినట్టు అనిపించగానే ఆపెయ్యాలి.

ఇక ఎక్కడికీ వెళ్ళని రోజో? “ఇంట్లో ఉండేదాన్ని, నాకెందుకే వాచీ?” అనేది అమ్మ. పెళ్ళిళ్ళకి తప్ప ఆ వాచీ బీరువాలోంచి బయటికొచ్చేది కాదు. నాన్నగారి బస్సు టైము, మా బడి గంట, కుళాయి నీళ్ళొచ్చే వేళ అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. తను ఏ వేళకి అన్నం తిన్నదీ మాత్రం ఎవరికీ తెలీదు, ఆవిడకీ తెలీదు.

అందుకే ఇంట్లో ఉన్న రోజున కూడా నేనో పాత బ్యాటరీ వాచీ పెట్టుకుంటాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా నాది. ఆ గంటలో ఎవరు పిలిచినా ముల్లు చూపిస్తాను. అందరి టైమూ చూసే మనం ఆ ఒక్క గంటా చూసుకోకపోతే ఎలా, చెప్పండి?

అన్నట్టు, ఆ వాచీకి అంకెలు పెద్దవిగా ఉండేట్టు చూసుకోండి. చత్వారం వచ్చాక, టైము చూడ్డానికి కళ్ళజోడు వెతుక్కుంటూ కూర్చుంటే ఆ గంట కాస్తా అయిపోతుంది మరి!