నారు ఉంది, కాల్వ కావాలి

ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర "కార్జం కాస్త ఎక్కువ వెయ్యి" అని అడుగుతాం గానీ, ఆ కార్జమే మన కడుపులో కుడివైపు పక్కటెముకల క్రింద కూర్చుని రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తోందని ఎంతమందిమి ఆలోచించాం? పుస్తకాలు దాన్ని కాలేయం అంటాయి. పెద్దవాళ్ళలో సుమారు కిలోన్నర తూగుతుంది. తిన్నదాన్ని శరీరానికి పనికొచ్చేట్టు మార్చి నిలవచేస్తుంది. విషాలను విరిచేస్తుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారుచేస్తుంది. పైత్యరసం ఊరిస్తుంది. ఇంత పనిచేసే అవయవం తనకు జబ్బు చేసినప్పుడు మాత్రం చప్పుడు చెయ్యదు. కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచేదాకా ఇంట్లోవాళ్ళకే తెలియదు.

దీనికి ఒక విచిత్రమైన గుణం ఉంది. కోస్తే మళ్ళీ పెరుగుతుంది. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేస్తే, మిగిలిన ముక్క కొద్ది వారాల్లోనే పెరిగి పాత పరిమాణానికి వచ్చేసింది. ఈనాడు తండ్రికి కొడుకు, బిడ్డకు తల్లి తమ కాలేయంలో కొంత భాగం కోసి ఇచ్చి క్షేమంగా ఉంటున్నారంటే ఈ గుణం వల్లనే. మరి ఇంత మొండి అవయవం చెడిపోయి మనుషులు ఎందుకు పోతున్నారు? ఈ ప్రశ్న నాకు పరీక్ష పేపర్లో రాలేదు. ఇంట్లో వచ్చింది.

మా బాబాయి కల్లు, సారా ముట్టని మనిషి. అయినా కడుపులో నీరు చేరిన రోజు నుంచీ ఊళ్ళో కొందరు "ఏదో చాటుగా తాగేవాడేమో" అన్నారు. అసలు కారణం హెపటైటిస్-బి వైరస్. అది తెలిసేసరికే సిరోసిస్ ముదిరిపోయింది. మార్పిడి ఒక్కటే దారి అన్నారు డాక్టర్లు. నా కాలేయం తీసుకోండని మా నాన్నగారు ముందుకొచ్చారు. వయసు, షుగరు చూసి పనికిరాదన్నారు. అప్పటినుంచీ లైబ్రరీలో కాలేయం మీద ఏ పుస్తకం దొరికితే అది చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నాకు మా పొలమే కనబడింది.

కాలేయం లోపల ఒక్కొక్కటి మిల్లీమీటరు పాటి వెడల్పున్న చిన్న చిన్న మడులుంటాయి. ప్రతి మడి అంచుల నుంచీ రక్తం సన్నని బోదెల్లోగుండా కణాల వరసల మధ్య పారుతూ నడిమధ్య సిరలోకి చేరుతుంది. కాలేయానికి వచ్చే రక్తంలో ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. పైత్యరసం మాత్రం వేరే సన్నని కాల్వల్లో, రక్తం పారే దిక్కుకు ఎదురుదిక్కున, బయటికి పోతుంది. అంటే పంట కాల్వ వేరు, మురుగు కాల్వ వేరు. డెల్టాలో పుట్టినవాడికి ఇంతకన్నా విప్పి చెప్పనక్కర్లేదు. సిరోసిస్ అంటే కణాలు చచ్చిపోవడం ఒక్కటే కాదు. చచ్చినచోట గట్టి మచ్చలు కట్టి, మడులూ బోదెలూ రూపు చెడిపోవడం. రక్తం లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. గుర్రపు డెక్క పట్టిన కాల్వ గట్టు మీదికి పొంగినట్టు, కడుపులో నీరు చేరుతుంది. కణాలు పెరగడానికి సిద్ధంగానే ఉంటాయి. వాటికి చోటు సవ్యంగా లేదు.

ఈ కాలేయంతో మన గోదావరి జిల్లాలకు పాత చుట్టరికం ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఏళ్ళ తరబడి కాలేయపు సారం మీద పనిచేశారు. పచ్చి కాలేయం తింటే ఒక రకం రక్తహీనత తగ్గుతుందని 1926లో బోస్టన్ వైద్యులు కనిపెట్టారు. దానిలో ఏ పదార్థం ఆ పని చేస్తోందని వెతికినవారిలో ఆయన ఒకరు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన జట్టుకు నాయకుడు ఆయనే. గర్భిణీ స్త్రీలకు ఈనాడు ఆస్పత్రిలో ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. ఆ తరం కాలేయం నుంచి మందు తీసింది. తర్వాతి తరం కాలేయపు కణాలనే మందుగా వాడాలనుకుంది.

ఆ ప్రయత్నంలో మన హైదరాబాదు ముందువరసలో ఉంది. డాక్టర్ సి. ఎం. హబీబుల్లా, ఆయన సహచరులు పిండం కాలేయం నుంచి తీసిన కణాలను, కాలేయం హఠాత్తుగా పనిచెయ్యడం మానేసిన ఏడుగురు రోగుల ఉదరకుహరంలోకి ఎక్కించి, ఆ ఫలితాలను 1994లో ప్రకటించారు. ప్రపంచంలోనే అలాంటి ప్రయత్నాలు అప్పటికి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2010లో అక్కడి దక్కన్ వైద్య కళాశాలలోని కాలేయ పరిశోధన కేంద్రం వారు, సిరోసిస్ ముదిరిన 25 మందికి పిండం కాలేయపు మూలకణాలను ధమని ద్వారా ఎక్కించి, ఆరు నెలలు గమనించి, కొంత మెరుగు కనబడిందని వ్రాశారు. సాహసమే. కానీ ఏడుగురితో, పాతికమందితో శాస్త్రం తీర్పు చెప్పదు. 2018లో బ్రిటన్‌లో 81 మంది సిరోసిస్ రోగుల మీద రక్తపు మూలకణాలతో జరిగిన పెద్ద పరీక్షలో మేలు కనబడలేదు.

ఎందుకలా? మళ్ళీ పొలానికే వద్దాం. మనిషి కాలేయంలో పదివేల కోట్లకు పైగా కణాలుంటాయి. సూదితో ఎక్కించగలిగేది సాధారణంగా అందులో 5 శాతానికి మించదు. ఎక్కించినవాటిలో చాలా భాగం నిలదొక్కుకోకుండానే పోతాయి. దమ్ము చెయ్యని చేలో, నీరు పారని చేలో ఆకుమడి నుంచి తీసిన నారు విసిరేస్తే ఎన్ని మొక్కలు బ్రతుకుతాయి? కణాలను గాజుపళ్ళెంలో పెంచుదామంటే అదీ చిక్కే. బల్లపరుపు పళ్ళెంలో కాలేయకణం కొద్ది రోజుల్లోనే తన పని మరిచిపోతుంది. పక్కన తనవాళ్ళు, అడుగున పట్టు, ఎదుట ప్రవాహం లేకపోతే అది కాలేయకణంగా ఉండదు.

నారు సంగతి ఇప్పుడు చాలావరకు తేలింది. జపాను శాస్త్రజ్ఞుడు యమానకా 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మకణాలను నాలుగు జన్యువులతో మూలకణాల వంటివాటిగా మార్చి చూపించారు. 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. వాటినుంచి కాలేయకణాల వంటివి తయారవుతున్నాయి, ఇంకా పసితనం వదలకపోయినా. అసలు కష్టం కాల్వలది. రక్తనాళానికి ఒకటి రెండు వందల మైక్రాన్ల దూరం దాటితే కణానికి ప్రాణవాయువు సరిగా అందదు. అంటే గోరు మందం కణజాలం కట్టాలన్నా లోపల నాళాలుండి తీరాలి.

దీనికి రెండు దారులు ఆశ చూపించాయి. 2010లో బోస్టన్‌లో ఉయ్‌గున్ బృందం ఎలుక కాలేయాన్ని సబ్బువంటి ద్రావణంతో కడిగి, కణాలన్నీ పోగొట్టి, గట్లూ కాల్వలూ మాత్రం మిగిల్చారు. ఆ ఖాళీ చేలో కొత్త కణాలు నాటి, మరో ఎలుకకు అతికితే 8 గంటల దాకా పనిచేసింది. 2013లో జపానులోని యొకొహామాలో తకెబె బృందం కాలేయకణాల వంటివాటినీ, రక్తనాళాల కణాలనూ, ఆధారకణాలనూ కలిపి ఉంచితే అవే ముద్దకట్టి చిన్న కాలేయ మొగ్గలయ్యాయి. ఎలుకలో పెడితే రెండు రోజుల్లోనే దాని రక్తనాళాలతో కలిసిపోయాయి. ఒకరు కాల్వను మిగుల్చుకున్నారు, ఒకరు నారుతోబాటే కాల్వనూ నాటారు. పైత్యరసం బయటికి పొయ్యే మురుగు కాల్వ మాత్రం ఇంకా తెగని ముడిగానే ఉంది.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టకముందు గోదావరిలో నీరు లేక మన తాతలు కరువున పడలేదు. నది పారుతూనే ఉంది. 1852కల్లా ఆనకట్ట లేచి, కాల్వలు సాగి, చేనుచేనుకూ నీరు అందాకే ఈ డెల్టా డెల్టా అయింది. మూలకణాలే సర్వస్వం అనేవాళ్ళకు నేను చెప్పే మాట ఇదే.

అలా అనేవాళ్ళు ఊళ్ళోకి కూడా వస్తారు. మా బాబాయి మంచంలో ఉండగా ఒక మధ్యవర్తి వచ్చి, ఫలానా పట్నంలో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు మూడు చేయిస్తే లివరు కొత్తదైపోతుందన్నాడు. వాళ్ళడిగిన డబ్బుకు ఎకరం అమ్మాలి. బాబాయి నన్నే పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, సైన్సు చదువుతున్నావుగా, ఇది నిజవేనా?" అన్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవేవీ చికిత్స కావు, ప్రయోగాలే. ప్రయోగమైతే అనుమతి ఉండాలి, జాతీయ రిజిస్టరులో నమోదై ఉండాలి, రోగి దగ్గర ఆ ఇంజెక్షనుకు డబ్బు పుచ్చుకోకూడదు. నేను ఇదంతా చెప్పి, "రిజిస్టరు నంబరు అడగండి బాబాయ్" అన్నాను. అడిగారు. ఆ మనిషి మళ్ళీ రాలేదు. బాబాయి ఆ వేసవిలోనే పోయారు. ఆ ఎకరం ఉంది. ఈ సార్వాకు మా పిన్ని దగ్గరుండి ఊడ్పులు చేయించింది.

ఆశ చంపే పని నాకెందుకు అనుకుంటూనే చెప్పానా మాట. కానీ నిజమైన ప్రయోగానికీ, ఆశను అమ్ముకోవడానికీ తేడా చెప్పలేకపోతే మన బి.ఎస్సీ. దేనికి? చెప్పగలిగినవి ఇంకా ఉన్నాయి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా వేయిస్తే మా బాబాయి జబ్బు చాలావరకు రాకుండానే పోతుంది. ఆ టీకాను 1997లో మన దేశంలో మొదట తయారుచేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. అవయవదానానికి మన రాష్ట్రంలో జీవన్‌దాన్ ఉంది. ప్రయోగశాలలో కాలేయం తయారయ్యేదాకా మనుషులను బ్రతికించేవి ఇవే.

మన కాలేజీలో జువాలజీవాళ్ళం కణాల గురించి, ఫిజిక్సువాళ్ళు ప్రవాహాల గురించి, కెమిస్ట్రీవాళ్ళు పాలిమర్ల గురించి వేరువేరు గదుల్లో చదువుకుంటున్నాం. ఈ కాలేయం సమస్య మూడు గదులకీ చెందినది. ఒక సాయంత్రం అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుందని నా కోరిక. ఎమ్మెస్సీలో చేరాక నేను పట్టుకోవాలనుకుంటున్నది మాత్రం ఆ మురుగు కాల్వ పనే.