మోచేతి నొప్పికి ఆట పేరు

నేనెప్పుడూ టెన్నిస్ బ్యాటు పట్టలేదు. బట్టలు పిండాను, పరీక్ష పేపర్లు దిద్దాను. డాక్టరు మాత్రం ‘టెన్నిస్ ఎల్బో’ అన్నాడు. 1873లో రుంగె అనే జర్మన్ వైద్యుడు ఈ నొప్పిని రాసేవాళ్ళ చేతుల్లో చూశాడు. పదేళ్ళకి ఆట పేరు అంటుకుంది. బట్టలు పిండే చేతుల పేరు నిలవలేదు.

2002లో లాన్సెట్‌లో వచ్చిన డచ్ పరిశోధనలో 185 మందిని మూడు జట్లు చేశారు. ఆరు వారాలకి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో 92 శాతం మందికి గుణం కనిపించింది. ఏడాదికి అది 69కి పడిపోయింది. ఫిజియోథెరపీ జట్టులో 91, వైద్యుడి సలహాతో ఆగి చూసినవాళ్ళలో 83.

అయినా మనం ఇంజెక్షనే అడుగుతాం. రేపు పొద్దున వంట ఆగదు కదా! ఓపిక పడితే తగ్గుతుందంటోంది సైన్సు. ఆ ఏడాది బట్టలు ఎవరు పిండాలో మందుల చీటీలో ఎవరూ రాయరు.