తాళంచెవి ఉన్నా తెరుచుకోని పెట్టె

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. అది నాకు రాదు. అందుకే ఈ మధ్య ఎదురైన ఒక కంప్యూటర్ చిక్కు గురించి రాస్తున్నాను. తమ్ముళ్లూ, భయపడకుండా చదవండి. నేను చదువుతున్నదీ ఎం.ఏ. సోషియాలజీయే.

నా ప్రాజెక్టు చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో పోడు చేసుకునే కుటుంబాల మీద. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్లు, రానివాళ్లు. వాళ్లలో చాలామంది ముందు అడిగింది ఒకటే, "మా పేర్లు బయటికి రావు కదా?" అని. రావని మాటిచ్చాను. ఆ మాట కోసమే నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయించి, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయించాను. ఇంటర్వ్యూలను ఇంకెక్కడా కాపీ పెట్టలేదు. ఎన్‌క్రిప్ట్ అంటే, పాస్‌వర్డ్ లేనివాడు డిస్కు ఊడదీసి చూసినా అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. మొలతాడుకు తాళంచెవి కట్టుకుని తిరిగిన మన ట్రంకుపెట్టె లాంటిదే. కాకపోతే ఆ పెట్టె రాయితో కొడితే తెరుచుకునేది (మా గదిలో రెండుసార్లు జరిగింది!). ఇది తెరుచుకోదు.

వైవాకు వారం ఉందనగా ఖమ్మంలో అప్‌డేట్ అయింది. మర్నాడు ఊళ్లో ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగనే లేదు. నల్లటి తెర మీద వరసగా ఇంగ్లీషు, చివర "కెర్నల్ పానిక్". మిరపకోత నుంచి వచ్చిన అమ్మకు సంగతి చెప్పాను. "తాళంచెవి నీ కాడనే ఉంటే తలుపెందుకు రాదు బిడ్డా?" అంది. బడి మొహం చూడని మా అమ్మ అడిగిందే అసలు ప్రశ్న. భద్రాచలంలో ఒక షాపతను మాత్రం ఏమీ అడక్కుండా "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. కొట్టనిచ్చి ఉంటే డిస్కు మొదట్లో ఉండే లక్స్ హెడర్ చెరిగిపోయేది. అసలు తాళం ఉండేది ఆ హెడర్‌లోనే. అది పోయాక సరైన పాస్‌వర్డ్ ఉన్నా ఎవరూ ఏమీ చేయలేరు.

ఫోనుకు సిగ్నల్ అందే గట్టు మీద కూర్చుని చదివితే సంగతి తెలిసింది. డిస్కు అంతటికీ తాళం వేసినా, 'బూట్' అనే చిన్న భాగానికి మామూలుగా తాళం ఉండదు. అందులో కెర్నల్, దాంతోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూట ఉంటాయి. పాస్‌వర్డ్ అడిగి తలుపు తీసే కాపలాదారు ఆ మూటలోనే ఉంటాడు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్త కెర్నల్‌కు కొత్త మూట కట్టాలి. పాత కెర్నళ్లతో బూట్ భాగం నిండిపోతే మూట సగంలోనే ఆగిపోతుంది. తాళం బాగానే ఉంది, చెవీ ఉంది, తీసే మనిషే లేడు.

మెషీన్ లేచేటప్పుడు షిఫ్ట్ గాని, కొత్త మోడళ్లలో ఎస్కేప్ గాని నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకున్నాను. పాస్‌వర్డ్ అడిగింది! ఆ గడి చూసినప్పుడు కలిగిన సంతోషం డిగ్రీ రిజల్ట్స్ రోజు కూడా కలగలేదు, మా ఇంట్లో మొదటి డిగ్రీ అదే అయినా సరే.

లోపలికెళ్లి చూస్తే బూట్ భాగం నూటికి నూరు నిండి ఉంది. ముందు ఇంటర్వ్యూలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నడుస్తున్న కెర్నల్‌ను ముట్టుకోకుండా ఇంకా పాతవి తీసేసి, సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్ పూర్తి చేయించి, 'అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్', 'అప్‌డేట్ గ్రబ్' కమాండ్లు ఇచ్చాను. రీస్టార్ట్ చేస్తే కొత్త కెర్నలే లేచింది.

పాతదీ లేవకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపాలి. క్రిప్ట్‌సెటప్‌తో డిస్కు తెరిచి, మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికెళ్లి అవే కమాండ్లు ఇవ్వాలి. తెరిచేటప్పుడు క్రిప్ట్‌టాబ్ ఫైలులో ఉన్న పేరే పెట్టాలి. పేరు మారితే కష్టపడి కట్టిన మూటా పనికిరాకుండా పోవచ్చు. లక్స్ హెడర్‌కు కూడా ఒక కాపీ తీసి విడిగా దాచుకోవచ్చు. నేను తీసుకున్నాను.

వైవా అయింది. వేసవి సెలవుల్లో హాస్టల్‌కు వస్తాను, లైవ్ పెన్‌డ్రైవ్ నా సంచిలోనే ఉంటుంది. ఎవరి మెషీన్ లేవకపోయినా ఫార్మాట్ కొట్టకుండా నేనొచ్చేదాకా ఆపండి.