ఇసుకను కట్టేసే పని

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వచ్చినవాళ్లు నందిని చూస్తారు, స్తంభాల నునుపు చూస్తారు. ఈసారి నేను కల్యాణ మండపం దగ్గర ఆగి కిందికి చూశాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది. మండపం శిథిలమైతే పురావస్తు శాఖ రాయి రాయి విప్పి, పునాది మళ్లీ వేసి నిలబెట్టింది. 2024 మార్చిలో శివరాత్రి నాడు తెరిచారు. కాకతీయులు ఇలాంటి గుళ్లకు గొయ్యి తవ్వి, దాన్ని ఇసుకతో నింపి పునాది వేశారు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి కిందా అదే పద్ధతి. ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారని చెబుతారు. అందరూ బెల్లం సంగతి దగ్గరే ఆగిపోతారు గానీ, నాకు గొయ్యి ముఖ్యమనిపిస్తుంది. ఇసుక పక్కకు జారే దారి మూసేస్తే ఎంత బరువైనా మోస్తుంది. దారి దొరికిందా, రాతి గుడైనా ఒరుగుతుంది.

అక్కడికి దగ్గర్లోనే ఒక ఇంటి వాకిట్లో ఇసుక మీద పేవర్ బ్లాకులు పరుస్తున్నారంటే వెళ్లాను. గేటు పక్కన మూడు కుప్పలున్నాయి: ఆకేరు వాగు దొడ్డు ఇసుక, జల్లించిన సన్న ఇసుక, బూడిద రంగులో క్రషర్ డస్టు. మూడోదాని మీదే పంచాయితీ.

“డస్టు అగ్గువకొచ్చింది మేస్త్రీ, అడుగున అదే పొయ్యి” అంటున్నాడు ఇంటాయన.

“అగ్గువనే సార్, గని వానకాలం సూడు. నీళ్లు కిందికి దిగయి. బురదైతది. కారు ఎక్కంగనే బిళ్ల ఊగుతది.”

మేస్త్రీ మాటే నిజం. డస్టులో పిండిలాంటి పొడి ఎక్కువ. అది నీటిని పట్టి ఉంచుతుంది. చక్రం ఎక్కినప్పుడల్లా ఆ బురద సందుల్లోంచి పైకి చిమ్ముతుంది, కింద బోలు పడుతుంది. 2020 ఆగస్టు వరదల్లో ఈ ఊళ్లో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఇక్కడ నీళ్లు దిగని పరుపు వేయడం కోరి కష్టం తెచ్చుకోవడమే. కడిగిన రోబో ఇసుకైతే వేరే సంగతి. దాని గింజలు కోసుగా ఉండి ఒకదానికొకటి బాగానే పట్టుకుంటాయి.

వాగు ఇసుకనైనా మేస్త్రీ గుడ్డిగా నమ్మలేదు. తడిపి అరచేతిలో రుద్దాడు; ఎర్రమట్టి మరక అంటలేదు. ఆ తర్వాత ఖాళీ నీళ్ల సీసాలో సగానికి ఇసుక పోసి, నీళ్లు నింపి, గట్టిగా కుదిపి గోడ మీద పెట్టాడు. దొడ్డు గింజలు చూస్తుండగానే అడుక్కి దిగాయి. కాసేపటికి వాటి మీద ఒండ్రు పలచని గీతలా పేరుకుంది. ఆ గీత మందంగా ఉంటే ట్రాక్టర్ వెనక్కి పంపేవాడట.

కింద మొరం, దానిపైన కంకర వేసి ముందే రోలర్ తిప్పారు. ఒక మూల రెండంగుళాలు పల్లంగా ఉంది. “ఆడ ఇసుక ఎక్కువ పోస్తే సరిపోదా?” అని నేనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, కూలీతో కంకర తెప్పించి కొట్టించాడు. ఇసుక మందంగా ఉన్నచోటే ఎక్కువ దిగుతుంది. పల్లం మళ్లీ బ్లాకుల మీద తేలుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లోనూ ఈ ఇసుక మందం 20 నుంచి 40 మిల్లీమీటర్లే.

నాకు నచ్చిన పని ఆ తర్వాతిది. రెండు ఇనుప పైపులు వాలు చూసి పెట్టి, మధ్యలో ఇసుక పోసి, వాటి మీదుగా అల్యూమినియం పట్టీ లాగారు. మిగులు ఇసుక ముందుకు దొర్లుకుంటూ పోయింది, వెనక అద్దంలా చదునైంది. పైపులు తీసి ఆ గాళ్లు నింపారు. ఇక దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఒక కుర్రాడు మరిచి అడుగేస్తే మేస్త్రీ పెట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అందుకే పరిచిన బ్లాకుల మీదే నిలబడి ముందుకు పరుస్తూ పోతారు.

ఇంతకన్నా ముందే చుట్టూ కాంక్రీటు అంచు కట్టి ఉంచారు. చాలా ఇళ్లలో ఖర్చని వదిలేసేది దీన్నే. అంచు లేకపోతే ఏడాది తిరగకుండా చివరి వరస బయటికి జరుగుతుంది, దాని వెనకే ఇసుక, దాని వెనకే మిగతా వరసలు. కాకతీయుల గొయ్యి చేసిన పనే జానెడు ఎత్తు లేని ఈ అంచూ చేస్తోంది.

ప్లేట్ వైబ్రేటర్ ఒకసారి తిప్పాక సన్న ఇసుక చల్లి చీపుళ్లతో సందుల్లోకి ఊడ్చారు. ఈ ఇసుక పొడిగా ఉండి తీరాలి. తడి ఇసుక సందు నోట్లోనే ఇరుక్కుని లోపల ఖాళీ మిగులుస్తుంది. మళ్లీ వైబ్రేటర్, మళ్లీ ఊడ్చడం. ఇసుకలో సిమెంటు కలిపి ఊడిస్తే గడ్డి మొలవదు కదా అన్నాడు ఇంటాయన. బ్లాకు కదిలిన రోజు ఆ సిమెంటు పగుళ్లిచ్చి పెచ్చులుగా లేస్తుంది. అమెరికాలో నీళ్లు చల్లాక బిగుసుకునే పాలిమర్ ఇసుక వాడతారు. మనకు సన్న ఇసుక, ఏడాదికోసారి చీపురు చాలు. చీమలు తవ్వి పోస్తాయి, నిజమే. మళ్లీ ఊడ్చుకోవాలి.

పోయేముందు ఇంటాయన లెక్క అడిగాడు. వాకిలి ఆరువందల చదరపు అడుగులు. 40 మిల్లీమీటర్ల మందానికి ఎనభై ఘనపుటడుగుల లోపే పడుతుంది. అణిగేది, పారబోసేది కలుపుకుంటే ట్రాక్టర్ ట్రిప్పు ఒకటి. “డస్టు?” అన్నాడాయన ఆశగా.

“వెనక్కి తీస్కపొమ్మను సార్. ఈ సన్న ఇసుక మాత్రం రెండు సంచులు దాసిపెట్టు, తొలి వానల తర్వాత సందులు దిగుతయి.”