పక్కన పెట్టే చుక్క

పోర్ట్‌బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అయింది) నుంచి వంతెన దాటితే చాతం. 1883 నాటి ప్రభుత్వ సా మిల్లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు గుంత, అటవీ మ్యూజియం. పర్యాటకులు చూసేది ఇంతే. రాయలసీమ ఎర్రచందనం కేసుల మీద వార్తలు రాసిన నేను మాత్రం పడాక్ చెక్క దగ్గర ఆగిపోయాను. ఎర్రచందనానికి అది దాయాది. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. మన వేగిసా అంతే.

పాలిష్ పట్టిన ఎర్రటి పడాక్ ముక్కను ఎర్రచందనమంటే చాలామంది నమ్మేస్తారు. కోర్టుకు ఆ నమ్మకం చాలదు. దుంగ ఏ చెట్టుదన్న దానిమీద ఒక మనిషి జైలుకెళ్లడం ఆధారపడుతుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయాక ఈ చెట్టు పేరు నాకు వట్టి వృక్షశాస్త్రంగా తోచదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పాత కార్మికుణ్ని పడాక్‌ను ఎలా పోలుస్తారని అడిగాను. "సెట్టుండగా సూసినోల్లం బాబూ, దుంగయ్యాక పేరు మారిపోద్దా?" అన్నాడు.

లేబొరేటరీ చేసేదీ దాదాపు అదే. థిన్ లేయర్ క్రొమటోగ్రఫీలో చెక్కపొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ రసాన్ని సిలికా పూసిన పలక అంచున చుక్కగా పెడతారు. పక్కనే, ముందే నిర్ధారణైన చెక్క రసం మరో చుక్క. పలక అడుగును ద్రావకంలో నిలిపితే అది పైకి పాకుతూ రంగులను మోసుకెళుతుంది. ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తున ఆగుతుంది. ఎత్తులు కలవకపోతే రెండూ ఒకటి కాదు. కలిస్తేనే చిక్కు. వేరే పదార్థమూ అక్కడే ఆగవచ్చు కనుక ద్రావకం మార్చి మళ్లీ చూడాలి. పైగా ఎరుపునిచ్చే శాంటలిన్లు ఎర్రచందనం ఒక్కదాని సొత్తు కాదు, ఆఫ్రికా పడాక్‌లలోనూ ఉన్నాయి. ఎర్రచందనం నమూనా ఒక్కటే పక్కన పెట్టి తేల్చేయడమంటే గుర్తింపు పరేడ్‌లో ఒక్క మనిషినే నిలబెట్టడం. దాయాదులనూ వరుసలో పెట్టాలి.

మరి ఆ నమూనా ఎక్కడిది? డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ, బెంగళూరులోని చెక్క విజ్ఞాన సంస్థ ఇలాంటి చెక్కల సేకరణలను భద్రపరుస్తాయి. నమ్మదగిన నమూనా వెంట అది ఏ అడవిలోని చెట్టుదో, ఎవరు సేకరించారో, ఆకూ పువ్వూ చూసి ఎవరు పేరు పెట్టారో నమోదై ఉంటుంది. టింబర్ డిపోలో కొన్న ముక్కకు అవేవీ ఉండవు. నేను డిఫెన్స్ లాయర్నైతే రిపోర్టులో మొదట వెతికేది ఆ పక్క చుక్క చిరునామానే.