టోక్యోలో అమ్మ చీర

జపాన్ వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: "బుల్లెట్ ట్రైన్ ఎక్కావా?" ఎక్కాను. చెప్పిన నిమిషానికి వచ్చింది, చెప్పిన నిమిషానికి కదిలింది. కానీ ఆ ట్రిప్‌లో నాకు నిద్ర పట్టకుండా చేసింది రైలు కాదు, ఒక చీర. అదీ అమ్మకి నేనే కొనిపెట్టిన చీర.

మాది గుడ్లవల్లేరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. జపాన్ సంస్కృతి, అక్కడి మామూలు జనం జీవితం చూపిస్తామంటూ ఎనిమిది రోజుల గైడెడ్ టూర్ ఒకటి కనబడితే, అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకున్నా. నవంబరు ఆఖరి వారం. "కోతలొదిలేసి జపానా? మీరెళ్ళి రండి" అన్నాడు నాన్న. అమ్మ రెండ్రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "అక్కడ చలి ఎక్కువేమోరా, స్వెట్టర్ కొనాలి" అంది. అంటే వస్తానని అర్థం.

ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక చీర ఆర్డర్ పెట్టాను. 'కలంకారీ' అని రాసి ఉంది. సగం ధరకే వచ్చింది. అమ్మ విప్పి చూసి "బాగుందిరా" అంది, అంతే.

కొత్త దేశం, పాత అలవాట్లు

ఒసాకాలో దిగి క్యోటో వెళ్ళాం. తెలుగువాళ్ళం ఇరవై మందిమి. చేతిలో చిన్న జెండా పట్టుకున్న జపాన్ అమ్మాయి మా గైడ్. మొదటి రాత్రి వాళ్ళ పద్ధతి సత్రంలో పడక. గది నిండా తతామీ చాపలు, వాటి మీదే పరుపులు. అమ్మ వంగి చాప వాసన చూసింది. "ఇది తుంగచాపేరా!" నిజమే, తతామీ పైన నేసేది కూడా తుంగలాంటి గడ్డితోనే. విమానంలో కన్ను మూయని మనిషి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఫుషిమి ఇనారి గుడి. ఇన్‌స్టాలో మీరు చూసే ఉంటారు, కొండ మీదికి వేలకొద్దీ ఎర్ర తోరణ ద్వారాలు. ఎక్కేటప్పుడు అందరం ఫొటోల్లో మునిగిపోయాం. దిగేటప్పుడు అమ్మ అడిగింది, స్తంభాల వెనకాల ఈ రాతలేంటని. అవి ద్వారం కట్టించిన దాతల పేర్లట. "మన గుళ్ళో ట్యూబులైట్ల మీద రాసినట్టే" అంది అమ్మ. గైడ్‌కి అనువదించి చెబితే పడీ పడీ నవ్వింది. ఇనారి వాళ్ళకి వరి పంటనిచ్చే దేవుడని తెలిశాక అమ్మ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకో దండం పెట్టుకుంది. ఊళ్ళో కోతలు కదా.

తిండి దగ్గరే కాస్త తిప్పలు. మనకి శాకాహారంలా కనబడే పులుసుల్లో కూడా చాలావరకు ఎండుచేప నీళ్ళు పోస్తారు. మేం చేప తినేవాళ్ళమే కాబట్టి సరిపోయింది. మీరు తినకపోతే బుక్ చేసేటప్పుడే గట్టిగా చెప్పండి. ఉమెబోషి అనే ఉప్పు పండు మాత్రం అమ్మకి తెగ నచ్చింది. "ఊరగాయ కారం వెయ్యడం మర్చిపోయారు, అంతే" అని తీర్పు. ఇంకో సంగతి, రోడ్ల మీద చెత్తబుట్టలు దాదాపు కనబడవు. మీ చెత్త మీ బ్యాగులోనే మోసుకు తిరగాలి.

టోక్యోలో ఉయెనో చెరువు మధ్య బెంజైతెన్ అనే దేవత గుడి చూశాం. బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరిన మన సరస్వతే ఆవిడ. చేతిలో వీణకి బదులు బివా అనే వాద్యం ఉంటుంది. అప్పటికి ఏడు రోజులయింది. అమ్మ అన్నీ చూస్తోంది, నవ్వుతోంది, కాళ్ళు నొప్పులన్నా నడుస్తోంది. కానీ టూర్ నాకోసం వచ్చిందేమోనని నాకు లోపల అనుమానం.

కండా నది పక్కన

ఆఖరి రోజు ప్రోగ్రాంలో 'స్థానిక చేతిపని' అని ఒక పూట ఉంది. షింజుకు ప్రాంతంలో, కండా నది పక్కన ఒక అద్దకం ఇల్లు. ఆ రోజు అమ్మ నేను కొన్న కలంకారీ చీర కట్టుకుంది.

లోపల డెబ్భై దాటిన ఒక పెద్దాయన. పొడుగాటి చెక్క మీద గుడ్డ పరిచి ఉంది. దాని మీద చిల్లులు కోసిన కాగితం పెట్టి, జింక వెంట్రుకల కుంచెతో రంగు రుద్దుతున్నారు. కాగితం తడికి చిరగకుండా ఒక రకం పండు రసం పట్టిస్తారట. ఒక్కో రంగుకి ఒక్కో కాగితం. ఒక్క డిజైన్‌కే ముప్ఫై దాకా పడతాయట. తీగలు, పువ్వులు, మామిడిపిందె లాంటి ఆకారాలు. ఎక్కడో చూసినట్టే ఉన్నాయి.

"దీన్ని సరస అంటారు" అంది గైడ్. "సరసమా?" అని అమ్మ ముసిముసిగా నవ్వింది.

గైడ్ చెప్పిన కథ ఇది. 1605లో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో దిగారు. అప్పట్లో అది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. మన తీరంలో అద్దిన బట్టలు వాళ్ళ ఓడల్లో బటావియా, అంటే ఇప్పటి జకార్తా మీదుగా జపాన్ చేరేవి. 1641 నుంచి రెండొందల ఏళ్ళకి పైగా ఐరోపావాళ్ళలో డచ్చివాళ్ళకి మాత్రమే అక్కడ వ్యాపారానికి అనుమతి. అదీ నాగసాకిలో దెజిమా అనే బుల్లి దీవి మీద. ఆ బట్టలు ఎంత అపురూపమంటే, ముక్కలుగా కోసి తేనీటి వేడుకలో వాడే గిన్నెలకి సంచులు కుట్టుకునేవాళ్ళు. 1778లోనే సరస డిజైన్ల మీద 'సరస బెన్రన్' అనే పుస్తకం అచ్చయింది. తర్వాత తామే అద్దడం నేర్చుకున్నారు.

అమ్మ ఇవన్నీ వింది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "బట్ట ఎక్కడ ఉతుకుతారు? కాలవేది?"

గైడ్ అనువదించగానే పెద్దాయన చేతిలో కుంచె ఆగింది. ఒకప్పుడు ఆ బయట నదిలోనే ఉతికేవాళ్ళమని, ఇప్పుడు లోపల తొట్లలోనే అని చెప్పారు. ఈవిడకెలా తెలుసు అని అడిగారు.

అప్పుడు చెప్పింది అమ్మ. తన పుట్టిల్లు పెడన అని. తాతయ్య అద్దకం బల్ల దగ్గర పనిచేశాడని. బట్టని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టడం, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నలుపు తియ్యడం, ఎరుపు కోసం పటిక అద్దడం, టేకు అచ్చు మీద పిడికిలితో కొట్టడం, తర్వాత పారే నీళ్ళలో జాడించడం... పెళ్ళయ్యేదాకా కాలవ గట్టున బట్టలు ఆరేసింది తనేనని. ఇవేవీ అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తాతయ్య గోళ్ళ నలుపు గుర్తుంది, అంతే. స్నేహితుల ముందు ఆ చేతులు చూసి సిగ్గుపడిందీ గుర్తుంది.

పెద్దాయన లేచి వచ్చి నడుం వంచి నమస్కరించారు. అమ్మ పైట అంచు చూపిస్తూ, చూడొచ్చా అని సైగ చేశారు. అమ్మ అందించింది. ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తిరగేశారు. వెనక తెల్లగా ఉంది. పైన ఉన్న పువ్వు నీడ కూడా వెనకకి దిగలేదు. ఆయన ఒక్క మాటా అనలేదు. అంతే జాగ్రత్తగా మళ్ళీ సరిచేసి వదిలారు.

నాకు చెవులు వేడెక్కాయి. అమ్మ తొణక్కుండా అంది, "ఇది మా ఊరిది కాదని చెప్పమ్మా. మిషన్ ప్రింటు. మా అబ్బాయి ప్రేమగా కొన్నాడు, అందుకని కట్టుకున్నా."

విప్పి చూసిన రోజే అమ్మకి తెలుసన్నమాట.

కవుతరం, వడ్లమన్నాడు, పెడన

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మా నేనూ గుడ్లవల్లేరులో రైలెక్కాం. మధ్యలో కవుతరం, వడ్లమన్నాడు, తర్వాత పెడనే. కాలేజీ రోజుల్లో బందరు బీచ్‌కి వెళ్తూ ఎన్నిసార్లు ఆ స్టేషన్ దాటానో! అద్దకం చూడ్డానికి దిగింది మాత్రం ఇదే మొదటిసారి. సముద్రాలు దాటి వెళ్ళి డబ్బులు కట్టి చూసినదాని మొదలు, ఇంటికి అరగంట దూరంలో ఉంది.

మావయ్య ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు. స్క్రీన్ ప్రింటూ మిల్లు ప్రింటూ కలంకారీ పేరుతో సగం ధరకే వస్తుంటే ఎన్నాళ్ళు నెగ్గుకొస్తామో అన్నాడు. వాళ్ళబ్బాయి సెల్‌ఫోన్ షాపులో చేరాడు. నేను కొన్న చీర సంగతి మావయ్యకి చెప్పడానికి నోరు రాలేదు. ఆ సగం ధర ఎవరి కూలిలోంచి తగ్గిందో అప్పుడు అర్థమైంది.

ఒకటిన్నర మీటరు గుడ్డ కొన్నాను. మావయ్య డబ్బు వద్దన్నాడు, ఒప్పుకోలేదు. అమ్మ దాన్ని ముందు తిరగేసి చూసింది. ఎరుపూ నలుపూ రెండూ వెనకదాకా దిగి ఉన్నాయి. "ఇది పంపు ఆయనకి" అంది.

గైడ్‌ని అడిగి అడ్రస్ తీసుకుని టోక్యోకి పార్సిల్ పంపాను. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అద్దకం బల్ల మీద మావయ్య గుడ్డ పరిచి ఉంది. పక్కన పెద్దాయన.

గుడ్డని తిరగేసి, వెనకవైపు పైకి పెట్టి ఫొటో తీయించుకున్నారు.